చేతి అల్లిక – చెలిమి కానుక

మానవ సంబంధాలలో కానుకకు గల స్థానం విశిష్టమైనది. పుట్టినరోజుకు, పెండ్లికి, పండుగకు, వీడ్కోలుకు కానుకలిచ్చుకొనుట అన్ని జాతులలోను, అన్ని మతాలలోను ఉన్న ఆచారమే. తెలుగులో కానుక అన్నను, ఉర్దూలో తోహ్ఫా అన్నను భావమొక్కటే. అయితే కొన్న కానుక వేరు, చేతితో చేసిన కానుక వేరు. మొదటిదానికి వెల ఉన్నది. రెండవదానికి వెలతోపాటు కాలమూ ఉన్నది. ఆ కాలాన్ని గురించియే ఈ వ్యాసంలో కొంత ముచ్చటింపదలచినాము. ఒక స్నేహితురాలి కొరకు మేము అల్లిన మందపాటి ఊలు మఫ్లరును ఉదాహరణగా తీసికొని, ముందుగా ఆ అల్లిక విధానాన్ని విద్యార్థులకు పాఠంగా చెప్పెదము. ఆ అల్లిక మాకు చెప్పిన పాఠాన్ని చివర నివేదించెదము.

మఫ్లరును ఉర్దూలో గులూబంద్ అంటారు. గులూ అనగా గొంతు, బంద్ అనగా కట్టు. గొంతుకు చుట్టుకొని చలిని ఆపునది గనుక ఆ పేరు సార్థకమైనది. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలు ఎండలకు పేరుపడినవే గాని, ఈ మెట్టభూములలో మార్గశిర పుష్య మాసాల తెల్లవారుజాము ఎట్లుండునో మొదటి బస్సుకు వెళ్ళే ఉపాధ్యాయులకు, పాలవారికి, గొర్రెల కాపరులకు బాగుగా తెలియును. మా స్నేహితురాలు అట్టి మొదటి బస్సులో పల్లెకు వెళ్ళి పాఠం చెప్పే ఉపాధ్యాయిని.

ఒక గొంగడి కథ

మేము ఎం.ఏ. చదువుకునే రోజులలో వసతి గృహంలో ఆమె, మేము ఒకే గదిలో ఉండేవారము. ఆమెది మహబూబ్‌నగర్ వైపు కురుమ కుటుంబం. పెట్టెతోపాటు ఇంటి నుండి ఒక నల్లని గొంగడి తెచ్చుకున్నది. అది ఆమె తాత స్వయంగా నేసినది. మొదటి వారంలోనే పక్క గదుల అమ్మాయిలు ఆ గొంగడిని చూసి, గొర్రెల వాసన వస్తున్నదని ముక్కు మూసుకొని నవ్వినారు. ఆ నవ్వులో మేమూ ఒక నవ్వు కలిపినాము. ఆమె ఏమీ అనలేదు, గొంగడిని మడిచి మంచం కిందికి నెట్టినది.

డిసెంబరు వచ్చినది. మా పలుచని దుప్పటి చలికి ఆగలేదు. ఒక అర్ధరాత్రి మేము వణుకుతుండగా ఆమె గొంగడి తీసి, "ఇటు జరుగు, ఇద్దరం కప్పుకుందాం" అన్నది. ఆ చలికాలమంతా ఆ గొంగడిలోనే నిద్రించినాము. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్లు అని మన పెద్దలు చెప్పే సామెత మాకు నూటికి నూరుపాళ్ళు వర్తించినది. నవ్వినందుకు క్షమాపణ చెప్పుకోవలెనని పలుమార్లు అనుకున్నాము గాని నోరు రాలేదు. ఏండ్లు గడచిన తరువాత, ఆమెకు ఒక మఫ్లరు అల్లి ఇయ్యవలెనన్న తలంపు ఆ మౌనం నుండి పుట్టినది.

క్రోషియా పూర్వాపరాలు

వస్త్రనిర్మాణం ముఖ్యంగా రెండు విధాలు. మొదటిది నేత. పడుగు, పేక అను రెండు వరుసల నూలు ఒకదానికొకటి అడ్డముగా సాగి బట్ట అగును. పోచంపల్లి చీర గాని, నారాయణపేట చీర గాని, గద్వాల చీర గాని ఈ విధంగా మగ్గముపై పుట్టినదే. రెండవది అల్లిక. ఇందులో ఒకే దారం మెలికలు తిరిగి, తన ఉచ్చులో తానే దూరి బట్ట అగును. అల్లికలోనూ రెండు రకాలున్నవి. రెండు పుల్లలతో స్వెట్టర్లు అల్లునపుడు వరుసలోని ఉచ్చులన్నియు పుల్లమీద నిలిచియుండును. ఒకే కొక్కెపు సూదితో అల్లు క్రోషియాలో సాధారణంగా ఒక్క ఉచ్చు మాత్రమే సూదిమీద మిగిలియుండును. ఫ్రెంచి భాషలో క్రోషే అనగా చిన్న కొక్కెమని అర్థం. ఉర్దూ మాట్లాడే ఇండ్లలోను, తెలుగు ఇండ్లలోను అది క్రోషియా అయినది. మా అమ్మ ఆ సూదితోనే నమాజు టోపీలు, పీటలపై పరచే గుడ్డలు అల్లేది. మాకు తొలి గురువు ఆమెయే.

ఐరోపాలో ఈ విద్య 19వ శతాబ్దంలో విస్తృతంగా వ్యాపించినది. 1845లో ఐర్లండులో మొదలైన మహాక్షామ కాలంలో ఎన్నో పేద కుటుంబాలకు క్రోషియా లేసు కూడుపెట్టినది. మన తెలుగు దేశంలో పశ్చిమ గోదావరి జిల్లా నర్సాపురం, పాలకొల్లు ప్రాంతాలకు 19వ శతాబ్దంలోనే మిషనరీల ద్వారా ఈ విద్య చేరినది. మొదట క్రైస్తవ కుటుంబాల స్త్రీలు, తరువాత ఇతర కులాల స్త్రీలు దీనిని నేర్చి, ఇంటి అరుగుమీద కూర్చుండియే విదేశాల బల్లలకు లేసులు అల్లినారు. 2024లో నర్సాపురం క్రోషియా లేసుకు భౌగోళిక గుర్తింపు లభించినది. నర్సాపురంవారు సన్నని నూలుతో, సన్నని ఉక్కు సూదితో అల్లుదురు. మనము చెప్పుకొనబోవునది మందపాటి ఊలుతో, లావు సూదితో అల్లునది. పరిమాణమే భేదం గాని సూత్రమొక్కటే.

కావలసిన సామగ్రి

ఒకటి, 8 మిల్లీమీటర్ల లావు గల క్రోషియా సూది. లేసు సూది ఇందుకు పనికిరాదు. రెండు, మందపాటి ఊలు దారం సుమారు 400 గ్రాములు. మన జిల్లా కేంద్రాల అంగళ్ళలో మందపాటి దారం ఎల్లప్పుడు దొరకదు. అట్టి సందర్భంలో మధ్యరకపు దారం రెండు పేటలు కలిపి ఒక్కటిగా పట్టుకొని అల్లవచ్చును. మూడు, కత్తెర. నాలుగు, దారపు కొసలను దాచుటకు పెద్ద కన్ను గల మొద్దు సూది.

అంగడిలో ఊలు అని అమ్మబడునదంతయు ఉన్ని కాదు. అందులో అధికభాగం ఆక్రిలిక్ అను కృత్రిమ దారం. అది మెత్తనిది, చౌకైనది, రంగు నిలుచునది, ఉతుకుట సులభం. అసలైన ఉన్ని ఖరీదైనది. అయితే ఉన్నిపోగు సహజంగా వంకీలు తిరిగియుండుటచేత తనలో గాలిని నిలుపుకొనును. తన బరువులో ఇంచుమించు మూడవవంతు తేమను పీల్చుకొనియు తడిసినట్లు తోపనీయదు. ఆక్రిలిక్‌కు ఆ గుణం లేదు. మేము మొదట కొన్నది మాత్రం ముదురు ఎరుపు ఆక్రిలిక్ దారమే. మెడకు గుచ్చుకొనకుండుటే మేము అప్పుడు చూసిన గుణం.

అల్లిక విధానం

బల్లపరుపు అల్లిక కంటె ఎత్తుపల్లాలు గల అల్లిక చలికి మేలు. పల్లములలో గాలి నిలుచును, నిలిచిన గాలి వెచ్చదనాన్ని పోనీయదు. అందుచేత చదరపు గడులు తేలునట్టి అల్లికను ఎన్నుకున్నాము. దీనికి మూడు కుట్లు వచ్చిన చాలును.

గొలుసు కుట్టు: దారానికి జారుముడి వేసి సూదికి ఎక్కించవలెను. దారాన్ని సూదిమీద వేసి, కొక్కెముతో ఆ ఉచ్చులో నుండి లాగిన ఒక గొలుసు అగును.

పొడుగు కుట్టు: దారాన్ని సూదికి ఒకసారి చుట్టి, కింది కుట్టు తలలో సూదిని గుచ్చి దారం లాగవలెను. సూదిమీద మూడు ఉచ్చులుండును. మరల దారం వేసి రెండింటిలో నుండి, మరల దారం వేసి మిగిలిన రెండింటిలో నుండి లాగవలెను. ఒక హెచ్చరిక: అమెరికా పుస్తకాలలో డబుల్ అని చెప్పబడు ఈ కుట్టునే ఇంగ్లండు పుస్తకాలలో ట్రెబుల్ అందురు. పుస్తకం ఏ దేశానిదో చూడక అల్లినవారు మోసపోవుదురు.

స్తంభపు కుట్టు: ఇది కూడా పొడుగు కుట్టే. అయితే సూదిని కింది కుట్టు తలలో గాక, దాని నిలువు కాడకు ఒక పక్క ముందు నుండి వెనుకకు గుచ్చి, రెండవ పక్క నుండి ముందుకు తీయవలెను. కాడ మొత్తము ముందుకు ఉబికివచ్చును. ఆ ఉబుకే గడికి గోడ అగును.

ఇక వరుసలు. మొదట 23 గొలుసులు వేయవలెను. సూది నుండి నాలుగవ గొలుసులో మొదటి పొడుగు కుట్టు వేసి, చివరి వరకు ఒక్కొక్క గొలుసుకు ఒక్కొక్క పొడుగు కుట్టు వేయవలెను. వదలిన మూడు గొలుసులను ఒక కుట్టుగా లెక్కించిన మొత్తం 21 కుట్లు అగును. ఈ సంఖ్యను ఎన్నటికీ మరువరాదు.

రెండవ వరుస: రెండు గొలుసులు వేసి, అల్లికను తిప్పవలెను. ఈ గొలుసులే మొదటి కుట్టు. తరువాతి కుట్టు చుట్టూ స్తంభపు కుట్టు ఒకటి, ఆపై రెండు పొడుగు కుట్లు. ఇట్లే చివరి రెండు కుట్ల వరకు సాగి, అచ్చట ఒక స్తంభపు కుట్టు, కొసలో ఒక పొడుగు కుట్టు వేయవలెను.

మూడవ వరుస: మరల రెండు గొలుసులు వేసి తిప్పవలెను. తరువాతి కుట్టు తలలో ఒక పొడుగు కుట్టు, ఆపై రెండు కుట్ల చుట్టూ రెండు స్తంభపు కుట్లు. ఇట్లే సాగి, చివరి రెండు కుట్లలో రెండు పొడుగు కుట్లు వేయవలెను.

ఈ రెండు, మూడు వరుసలనే మార్చి మార్చి అల్లుచుండిన చదరపు గడులు వరుసగా తేలును. చేతి బిగిని బట్టి సుమారు 120 వరుసలకు 160 సెంటీమీటర్ల పొడవు వచ్చును. వెడల్పు జానెడు. కుట్ల మొత్తం రెండువేల అయిదువందల పైచిలుకు.

మా పొరపాటు

ఉపాధ్యాయుని తప్పు విద్యార్థికి పాఠం కావలెను గనుక దాచక చెప్పెదము. నలుబది వరుసలు అల్లిన తరువాత నేలపై పరచి చూడగా మఫ్లరు ఒక కొసన వెడల్పుగా, రెండవ కొసన సన్నగా ఉన్నది. లెక్కించితిమి. 21 ఉండవలసిన కుట్లు 16 ఉన్నవి. వరుస చివరనున్న తిరుగు గొలుసును కుట్టుగా గుర్తింపక వదలివేసినందున నడుమనడుమ ఒక్కొక్కటి జారిపోయినది. నడుమ చూసినవారికి అల్లిక నిర్దోషంగానే కనిపించును. లోపమంతా అంచులోనే ఉన్నది.

క్రోషియాలో విప్పుట సులభం. సూది తీసి దారం లాగిన చాలును, అన్ని వరుసలు ఒకదాని వెంట ఒకటి ఊడివచ్చును. పదిరాత్రుల పని పది నిమిషాలలో ఉండలుగా మారినది. అమ్మ చూసి, "విప్పడం రానివాళ్ళకు అల్లడం రాదు బేటీ" అని నవ్వినది. నాటి నుండి ప్రతి వరుస చివర 21 లెక్కించితిమి. మీరును లెక్కింపవలెను.

మన నేల ఉన్ని

ఇట్లు మరల మొదలుపెట్టిన సమయంలోనే సెలవులలో స్నేహితురాలి ఊరికి వెళ్ళుట తటస్థించినది. ఆమె ఇంట లేదు. మేము మఫ్లరు సంగతి చెప్పగా ఆమె తాత నవ్వి, ఇంటి వెనుక సాలెలోనికి తీసికొనిపోయినాడు. గుంట మగ్గం అచ్చటనే ఉన్నది గాని దానిమీద వడ్ల బస్తాలున్నవి.

గొంగడి పుట్టుక ఎంతటి శ్రమయో ఆ ముసలివాని నోట విన్నాము. దక్కని జాతి నల్లగొర్రెలకు సంవత్సరానికి రెండుమార్లు ఉన్ని కత్తిరింతురు. దూదేకులవారు దూదిని ఏకినట్లే దానిని వింటి నారితో ఏకి, చిక్కులు విడదీసి, కదురుపై దారం వడకుదురు. వడకునది ఇంటి స్త్రీలు. పడుగు పరచి, చింతగింజల గంజి పట్టించి, ఆరనిచ్చి, గుంట మగ్గంపై నేయుదురు. ఈ ఉన్నిలో సహజమైన జిడ్డు ఉండుటచేత వానకు త్వరగా తడవదు. కాపరికి గొంగడి చలిలో దుప్పటి, వానలో గొడుగు, ఎండలో నీడ, నేలపై పరుపు.

"ఇప్పుడు గొర్రెకు మాంసమే చూస్తున్నరు గాని బొచ్చు చూస్తలేరు బిడ్డా. కత్తిరించిన కూలి గుడ వస్తలేదు. తీసి పారబోస్తున్నం" అన్నాడాయన. ఇది ఒక్క ఊరి మాట కాదు. ఉన్ని తక్కువగా ఉండి మాంసానికి పనికివచ్చు నెల్లూరు జాతి పొట్టేళ్ళతో సంకరం జరిగినకొలది దక్కని గొర్రె తగ్గినది. పానిపట్టు వంటి చోట్ల నుండి యంత్రాలపై తయారైన చౌక కంబళ్ళు వచ్చి సంతలను నింపినవి. గొంగడి నేసే చేతులు ఏటేట తగ్గుచున్నవి.

వచ్చునపుడు ఆయన మాచేత ఒక నల్లని ఉండ పెట్టినాడు. మగ్గం ఆగిపోయినపుడు మిగిలిన దారం అది, ఆయన భార్య బ్రతికియున్న కాలంలో వడికినది. దానితోనే మఫ్లరు మొత్తం అల్లవలెనని ఉబలాటపడితిమి. కాని పోగు 30 మైక్రాన్లు మించి లావైన ఉన్ని చర్మానికి గుచ్చుకొనును. దక్కని ఉన్ని అంతకంటె లావైనది. మెడకు అది తగదు. ప్రేమ ఎంత ఉన్నను దారం గుణం మారదు. తుదకు, మెడను తాకు నడిమి భాగాన్ని మెత్తని ఎర్రదారంతోను, రొమ్ముమీద వ్రేలాడు రెండు కొసలను ఆరేసి వరుసల చొప్పున ఆ నల్లని ఉన్నితోను అల్లితిమి. లావైన దారం గనుక గడుల గోడలు ఆ కొసలలోనే అన్నిటికంటె స్పష్టంగా తేలినవి.

గంటల లెక్క

కూర్చున్న ప్రతిసారి ఎంత సేపు అల్లితిమో డైరీ చివరి పుటలో వ్రాసుకొంటిమి. విప్పినదానితో కలిపి మొత్తం 26 గంటలు. మా పట్టణంలో యంత్రంపై అల్లిన మఫ్లరు 250 రూపాయలకు దొరకును. మా గంటలను రూపాయలలోకి మార్చి చూచిన గంటకు పది రూపాయలు కూడా రావు, దారం ఖర్చు తీసిన అదియు మిగలదు. కానుక గనుక మాకు నష్టం లేదు. కాని ఇదే పని పొట్టకూటికి చేయువారి సంగతి ఏమి?

పుల్లల అల్లికను యంత్రాలు ఎన్నడో నేర్చినవి. క్రోషియా మాత్రం నేటికీ చేతి పనిగానే మిగిలియున్నది. కావున అంగడిలో వ్రేలాడు ప్రతి క్రోషియా వస్తువు వెనుక ఒక మనిషి చెయ్యి ఉన్నది. అది మిక్కిలి చౌకగా దొరికినదనిన, చౌకైనది దారం కాదు, ఆ చెయ్యి. జర్మనీకి చెందిన సమాజశాస్త్రవేత్త మరియా మీస్ నర్సాపురం లేసు స్త్రీలను గురించి 1982లో ఒక గ్రంథం ప్రకటించినది. ఆ స్త్రీలు రోజుకు ఎన్నో గంటలు అల్లి ప్రపంచ విపణికి సరకు పంపుచున్నను, వారు కేవలం గృహిణులనియు, ఆ అల్లిక తీరిక వేళల కాలక్షేపమనియు లోకం భావించుటచేతనే వారి కూలి అంత తక్కువగా ఉన్నదని ఆమె నిరూపించినది. కాలక్షేపం అన్న ఒక్కమాట ఎందరి కాలాన్ని లెక్కలో నుండి తీసివేసినదో గదా!

ఈ మాట చదివినపుడు మాకు వసతి గృహంలోని గొంగడి గుర్తుకు వచ్చినది. ఏకిన చేతులు, వడికిన చేతులు, నేసిన చేతులు ఎన్నో అందులో ఉన్నవి. మేము చూసినది వాసన ఒక్కటే.

డిసెంబరులో మఫ్లరు తీసికొని ఆమె ఇంటికి వెళ్ళినాము. ఆమె మెడకు చుట్టుకొని, నల్లని కొసను వేళ్ళతో తడిమి, వాసన చూసి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఇది మా అవ్వ వడికిన దారం" అన్నది. ఎన్ని దినాలు పట్టిందని అడిగినది. 26 గంటలని చెప్పితిమి. "గొంగడికి మా ఇంట్ల ఎన్ని దినాలు పట్టేదో ఎవ్వరం లెక్కపెట్టలే" అన్నది. అప్పుడు మాకు నోరు వచ్చినది. ఆనాటి నవ్వును గురించి చెప్పి, తప్పు ఒప్పుకొంటిమి. ఆమె మా ముఖం చూసి, "నాకు యాదికున్నది. ఆనాడు నవ్వినవు, ఆ చలికాలమంత నా గొంగట్లనే పండుకున్నవు" అని, ఈసారి తానే నవ్వినది.

ఉపసంహారం

విద్యార్థినీ విద్యార్థులారా! క్రోషియా ఆడువారి పని అని కుర్రవాళ్ళు తప్పించుకొనరాదు. మన జిల్లాలలో గొంగడి నేసినవారు మగవారే. ఒక సూది, కొంత దారం, కొంత ఓర్పు ఉన్న ఎవరైనను ఒక నెలలో ఒక మఫ్లరు అల్లి తమకు ప్రియమైనవారికి ఇయ్యవచ్చును. అల్లునపుడు రెండు లెక్కలు తప్పక వ్రాసుకొనుడు. ఒకటి కుట్ల లెక్క, రెండవది గంటల లెక్క. కుట్ల లెక్క తప్పిన మఫ్లరు వంకరపోవును. గంటల లెక్క తెలిసినవారు మాత్రం మరునాడు సంతలో ఒక గొంగడిని గాని, లేసును గాని, చేనేత చీరను గాని చేతికి తీసికొన్నపుడు, బేరమాడుటకు ముందు ఒక్క క్షణం ఆగుదురు. ఆ ఒక్క క్షణమే మేము ఈ పాఠం వలన ఆశించు ఫలం.